తొంభైకి అటూ ఇటూ

రిజిస్టర్‌లో చివరి పద్దు గురువారం సాయంత్రం నాలుగూ యాభైకి ఉంది. ఇరవయ్యో ట్రే, వంద గింజలకు తొంభై మొలకలు, పక్కన పొడి అక్షరాల సంతకం.

ఆ సంతకం తాలూకు మనిషి శుక్రవారం ఉదయం తొమ్మిదికి అదే విత్తన పరీక్షా కేంద్రంలో, కోల్డ్‌రూమ్ ఇనుప నిచ్చెన పక్కన, తల వెనక దెబ్బతో చనిపోయి కనిపించింది. పదకొండేళ్లుగా మొలకలు లెక్కపెట్టడమే ఆవిడ ఉద్యోగం. అందుకే ఆ ఆవరణలో అందరికీ ఆవిడ లెక్కలమ్మ. కోల్డ్‌రూమ్‌లో ఎప్పుడూ పది డిగ్రీల చలి. ఆ చలిలో ప్రాణం పోయి ఎంతసేపైందో తేల్చడం కష్టమనీ, సగం రోజు నుంచి మూడు రోజుల దాకా ఎంతైనా కావచ్చనీ డాక్టరు రాసిచ్చాడు.

డాక్టరు చెప్పలేనిది రిజిస్టర్ చెప్పింది. గురువారం 4.50 దాకా ఆవిడ పనిలో ఉంది. 5.05కి ఆవిడ భర్త గేటు దాటి లోపలికి వచ్చాడు. 5.20కి బయటికి వెళ్లాడు. మూడు నెలలుగా ఇద్దరూ వేరువేరుగా ఉంటున్నారు. లెక్కల గది తలుపు దగ్గర అతను అరిచిన అరుపులు గేటు దాకా వినిపించాయి. శుక్రవారం సాయంత్రానికి ఇన్‌స్పెక్టర్ అతన్ని లాకప్‌లో పెట్టాడు.

శనివారం ఉదయం డిటెక్టివ్ తలుపు తట్టింది లెక్కలమ్మ తల్లి.

"మా అల్లుడికి నోరు పెద్దది తల్లీ," అంది ఆ ముసలావిడ, కుర్చీ చూపించినా కూర్చోకుండా. "అది నాకూ తెలుసు, నా కూతురికీ తెలుసు. కానీ చెయ్యెత్తే మనిషి కాదు. కూతురు ఎలాగూ తిరిగి రాదు. ఆ పిచ్చివాణ్ణి కూడా పోగొట్టుకోమంటావా?"

డిటెక్టివ్ యాభై దాటిన మనిషి. ఈ వృత్తిలోకి రాకముందు పద్దెనిమిదేళ్లు ఒక బీమా సంస్థలో గణాంకాలు చూసింది. ఓదార్పు మాటలు ఆమెకు చేతకావు. చెప్పులు వేసుకుని బయల్దేరింది. నేనూ వస్తానని ముసలావిడ వెంటపడింది. వద్దనలేదు.

ముందు వాచ్‌మన్‌ని కూర్చోబెట్టింది.

"బుధవారం, గురువారం ఎవరెవరు వచ్చారు?"

"లెక్కలమ్మగారి భర్త తప్ప ఎవరూ రాలేదమ్మగారూ. మెయిన్ బిల్డింగ్‌కి కొత్తగా వేసిన రంగులు ఆరాలని స్టాఫ్‌కి రెండు రోజులు సెలవిచ్చారు. లెక్కలమ్మగారికి మాత్రం సెలవు లేదు. మొలకలు సెలవు తీసుకోవు కదా."

"ఆవిడ లోపలికి రావడం చూశావా?"

"ఆవిడ క్వార్టర్ వెనకాలే. గేటుతో పని లేదు. వెనక తలుపు నుంచే వచ్చి వెళ్తారు."

"మరి వచ్చిందని నీకెలా తెలుసు?"

"లెక్కల గదిలో లైటు వెలుగుతోంది కదమ్మా."

"రెండు రోజులూ?"

"రెండు రోజులూ."

"రాత్రి కూడా?"

వాచ్‌మన్ తల గోక్కున్నాడు. "రాత్రి కూడా వెలిగినట్టే ఉంది. పని ఎక్కువుందేమో అనుకున్నాను."

"లైటు సంగతి సరే. మనిషిని చూశావా?"

"లైటుంటే మనిషి ఉన్నట్టే కదమ్మా," అన్నాడు. అని, తన మాట తనకే నచ్చనట్టు నేలకేసి చూశాడు.

డిటెక్టివ్ గేటు పుస్తకం తిరగేసింది. మంగళవారం సిబ్బంది అందరూ 5.30కి వెళ్లిపోయారు. కేంద్రం డైరెక్టర్ 7.50కి వెళ్లాడు. మళ్లీ శుక్రవారం ఉదయం 7.00కి వచ్చాడు. మధ్యలో భర్త తప్ప మరో పేరు లేదు.

లెక్కల గది చిన్నది. పొడవాటి బల్ల, మెడ వంచే దీపం, భూతద్దం, పట్టకారు, గోడవారగా మొలక పెట్టెలు. తడి అద్దుడు కాగితం మీద వంద మొక్కజొన్న గింజలు వరసగా పేర్చి, ట్రేలో పెట్టి, ఆ పెట్టెల్లో ఏడు రోజులు ఉంచుతారు. ఏడో రోజు ట్రే బయటికి తీసి, ఒక్కొక్క మొలకనూ పట్టకారుతో పీకుతూ లెక్కపెడతారు. రోజుకు పది ట్రేలు. సోమ, మంగళవారాల్లో ఒక లాటు, బుధ, గురువారాల్లో మరో లాటు. రెండు లాట్ల బస్తాల మీదా 'మొలక శాతం 90' అనే అచ్చేసి ఉంది.

ఆమె రిజిస్టర్ ముందు కూర్చుంది. సోమవారం పేజీ చూసింది. 93, 86, 90, 95, 88, 84, 91, 89, 92, 92. బుధవారం పేజీ చూసింది. 90, 91, 90, 89, 90, 91, 90, 89, 90, 90. రెండూ కూడింది. రెండూ తొమ్మిది వందలే. గురువారం పేజీ చూసింది. అక్కడా 89కి తగ్గలేదు, 91కి మించలేదు. కళ్లజోడు తీసి, తుడిచి, మళ్లీ పెట్టుకుని మళ్లీ చూసింది.

అప్పుడే ఇన్‌స్పెక్టర్ వచ్చాడు. వెనక డైరెక్టర్.

"నా కేసులో మీరు వేలు పెట్టడం ఇది నాలుగోసారి మేడమ్," అన్నాడు ఇన్‌స్పెక్టర్.

"మూడోసారి. మొదటిది మీరే పిలిచారు."

డైరెక్టర్ మధ్యలో కల్పించుకున్నాడు. ఇస్త్రీ నలగని చొక్కా, మెత్తటి గొంతు. "అడగనివ్వండి సార్. ఆ పెద్దావిడ తృప్తి కోసమైనా. నేను దాచేదేముంది?"

"మంగళవారం ఎన్నింటిదాకా ఉన్నారు?" అంది డిటెక్టివ్.

"ఏడూ యాభై. గేటు పుస్తకంలో ఉంటుంది."

"ఆ టైములో లెక్కలమ్మ ఎక్కడుంది?"

"క్వార్టర్‌కి వెళ్లిపోయి ఉంటుంది. నేను చూడలేదు. బుధవారం పొద్దున ఆరూ నలభై రైలుకి మీటింగ్‌కి వెళ్లాను. రెండు రాత్రులు హోటల్లో ఉన్నాను. టికెట్లు, బిల్లులు అన్నీ ఇన్‌స్పెక్టర్ గారికి ఇచ్చాను. శుక్రవారం తెల్లవారుజామున దిగి నేరుగా ఇక్కడికే వచ్చాను."

"ఏడింటికి వచ్చారు. శవాన్ని తొమ్మిదింటికి చూశారు. ఆ రెండు గంటలూ?"

"నా గదిలో ఫైళ్లు చూసుకున్నాను."

"ఈ లెక్కల గది తాళంచెవి ఎవరెవరి దగ్గర ఉంటుంది?"

"ఆవిడ దగ్గర ఒకటి, నా దగ్గర ఒకటి."

"ఎప్పుడైనా మీరు మొలకలు లెక్కపెట్టారా?"

డైరెక్టర్ నవ్వాడు. "నేను కొనుగోళ్ల విభాగం నుంచి వచ్చినవాణ్ణి. పట్టకారు పట్టుకోవడం కూడా రాదు."

డిటెక్టివ్ ఒక తెల్ల కాగితం అతని ముందుకు జరిపింది. "చిన్న సాయం చేయండి. తొంభై శాతం మొలిచే విత్తనం ఉంది. పది ట్రేలు పెట్టాం. ఏ ట్రేలో ఎన్ని మొలుస్తాయో మీ ఊహకు తోచినట్టు రాయండి."

"ఇదేం చిలక జోస్యం?" అన్నాడు ఇన్‌స్పెక్టర్.

డైరెక్టర్ ఆలోచించకుండా రాసిచ్చాడు. 90, 91, 89, 90, 90, 91, 90, 89, 90, 91. ఆమె చూసి, మడిచి, సంచిలో పెట్టుకుంది. "థాంక్సండీ. మీ గదిలో ఉండండి, మళ్లీ పిలుస్తాను."

డైరెక్టర్ వెళ్లాక ఇన్‌స్పెక్టర్ తలుపు మూశాడు. "ఇప్పుడు చెప్పండి. ఏమిటీ గారడీ?"

ఆమె రిజిస్టర్ అతని వైపు తిప్పింది. "బుధ, గురువారాల్లో రాసిన ఈ ఇరవై అంకెలు ఎవరూ లెక్కపెట్టినవి కావు. కల్పించినవి."

"చేతిరాత నిపుణుడు అవి ఆవిడ అంకెల్లాగే ఉన్నాయన్నాడు."

"అంకెల్లో చేతిరాత ఎంతుంటుంది? నేను రాత గురించి మాట్లాడటం లేదు. ఒక గింజ తీసుకోండి. మొలుస్తుంది, లేదా మొలవదు. మూడోది లేదు. పక్క గింజ మొలిచిందో లేదో దీనికి తెలియదు. ఒకే బస్తాలోవి కాబట్టి ప్రతి గింజకూ అవకాశం ఒకటే. అలాంటివి వంద పెట్టి ఎన్ని మొలిచాయని లెక్కపెడితే, వచ్చే సంఖ్యకు ఒక పద్ధతి ఉంటుంది. దాన్ని ద్విపద విభాజనం అంటారు."

"ద్విపద అంటే పద్యం కదా," అన్నాడు ఇన్‌స్పెక్టర్. "మా మాస్టారు తొడపాశం పెట్టి మరీ వల్లె వేయించారు."

"ఆ ద్విపదకు పాదాలు రెండు. దీనికీ రెండే. మొలిచింది, మొలవలేదు."

అతను నవ్వబోయి మానుకున్నాడు.

"వంద గింజలు, ఒక్కోదానికి పదింట తొమ్మిది వంతుల అవకాశం. గుణిస్తే సగటు తొంభై. ఇది చిన్న పిల్లలు కూడా చెప్తారు. అసలు సంగతి సగటులో లేదు, చెదురులో ఉంది. ఆ తొంభైని, మొలవకపోయే అవకాశం పదో వంతుతో మళ్లీ గుణించండి."

"తొమ్మిది."

"అది విస్తృతి. దాని వర్గమూలం మూడు. అంటే నిజంగా గింజలు లెక్కపెట్టినవాళ్ల చేతికి మాటిమాటికీ తొంభై రాదు. మూడు అటూ ఇటూ ఊగుతుంది. ఒక్కోసారి ఐదారు కూడా జరుగుతుంది. సోమవారం చూడండి, 84 ఉంది, 95 ఉంది. లెక్క కడితే ఆ పేజీ విస్తృతి పది. తొమ్మిది రావాల్సిన చోట పది. బాగానే ఉంది కదా? ఇప్పుడు బుధవారం పేజీ. విస్తృతి ఒకటిలో సగం కూడా లేదు."

"లాటు వేరు. ఈ గింజలు నిలకడైనవేమో."

"తొంభై శాతం మొలిచే లాటు ఏదైనా చెదురు మూడే. నిలకడ గింజ చేతిలో ఉండదు. ఒక ట్రేలో సంఖ్య 89, 90, 91లలో ఏదో ఒకటి రావడానికి వందకు ముప్పై ఎనిమిది పాళ్లు అవకాశం. వరసగా రెండు ట్రేల్లో రావాలంటే పద్నాలుగు పాళ్లకు పడిపోతుంది. మూడు ట్రేలకు ఐదున్నర. అలా ఇరవై ట్రేలకు వెళ్లేసరికి..." ఆమె చీటీ మీద వేసుకున్న లెక్క చూపించింది. "దాదాపు ఇరవై మూడు కోట్లలో ఒకటి."

ఇన్‌స్పెక్టర్ ఆ చీటీని తిరిగి ఇచ్చేశాడు. "కోర్టులో జడ్జిగారికి ద్విపద పాడి వినిపిస్తారా?"

"లేదు. చెత్త చూపిస్తాను."

వెనక తలుపు బయట మూత ఉన్న ప్లాస్టిక్ డ్రమ్ము ఉంది. లెక్క అయిపోయిన కాగితాలు అందులో పడేస్తారు. శుక్రవారం పొద్దున పోలీసులు ఆ వైపంతా సీలు వేశారు కాబట్టి ఎవరూ ముట్టుకోలేదు. ఇన్‌స్పెక్టర్ సీలు తీయించాడు. కుళ్లిన మొలకల వాసన గుప్పుమంది. డిటెక్టివ్ చేతులకు తొడుగులు వేసుకుని, పాత వార్తాపత్రికలు పరిచి, ఒక్కో కాగితం బయటికి తీసింది.

అడుగున ఉన్న కాగితాలు బోసిగా ఉన్నాయి. మొలకలన్నీ పట్టకారుతో పీకేసి, మొలవని గింజలు మాత్రమే మిగిలాయి. అవి సోమ, మంగళవారాలవి. పైన మరో ఇరవై కాగితాలు. గింజలు, మొలకలు దేని చోట అది ఉండగానే గబగబా చుట్టి పడేసినవి. వేళ్లు ఒకదాన్నొకటి పెనవేసుకున్నాయి. ఒక్క మొలకైనా పీకిన జాడ లేదు.

"వీటిని ఎవరూ లెక్కపెట్టలేదు," అంది.

ఇన్‌స్పెక్టర్ తనే వంగి ఒక కాగితం విప్పాడు.

"కూర్చోండి. ఇప్పుడు మనం లెక్కపెడదాం."

ఐదు కాగితాలకు గంట పట్టింది. ఇన్‌స్పెక్టర్ రెండుసార్లు లెక్క తప్పి మళ్లీ మొదలుపెట్టాడు. 61. 55. 66. 58. 63.

"ఇదేమిటి? తొంభై ఎక్కడ?"

"బస్తా మీద ఉంది," అంది డిటెక్టివ్. "గింజలో అరవయ్యే ఉంది. చూడండి, ఇక్కడ చెదురు ఇంకా ఎక్కువ. అవకాశం సగానికి దగ్గరపడేకొద్దీ ఊగిసలాట పెరుగుతుంది. నిజంగా లెక్కపెట్టిన అంకెలు ఇలా ఉంటాయి."

వాచ్‌మన్‌ని పిలిచి ఆ లాటు ఎక్కడుందని అడిగారు. నాలుగు వేల బస్తాలు గోడౌన్‌లో ఉన్నాయనీ, సోమవారం లారీలు వస్తాయనీ చెప్పాడు. కొన్నది ఎవరి సంతకంతోనని అడిగితే, అన్నీ డైరెక్టర్ గారి సంతకంతోనే కదా అన్నాడు. నాలుగో రోజున మొదటిసారి ట్రేలు తెరిచి చూసే ఆనవాయితీ ఉంది. అంటే వారం మొదట్లోనే లెక్కలమ్మ ఈ లాటులో దాదాపు సగం చచ్చిన గింజ అని చూసే ఉంటుంది. చూసినదాన్ని మనసులో పెట్టుకునే మనిషి కాదని పదకొండేళ్ల రిజిస్టర్లు చెబుతున్నాయి.

"మంగళవారం సాయంత్రం ఐదున్నర తర్వాత ఈ ఆవరణలో ఇద్దరే ఉన్నారు," అంది డిటెక్టివ్. "ఆవిడ, డైరెక్టర్. ఆవిడ ప్రాణం పోయింది అప్పుడే. బుధవారం ఆయన రైలెక్కాడు. శుక్రవారం ఏడింటికి వచ్చి గేటు పుస్తకం చూశాడు. ముందురోజు 5.05కి భర్త వచ్చినట్టు కనిపించింది. చివరి పద్దు 4.50కి రాశాడు. కాగితాలు డ్రమ్ములో పడేశాడు. తొమ్మిదింటికి కేకలు వేశాడు. మంగళవారం సాయంత్రం భర్త ఏం చేస్తున్నాడు?"

"బస్సు నడుపుతున్నాడు," ఇన్‌స్పెక్టర్ నెమ్మదిగా అన్నాడు. "ఐదింటి నుంచి పదిన్నర దాకా డ్యూటీ. నలభై మంది ప్రయాణికులు." చేతులు దులుపుకుని లేచి నిలబడ్డాడు. "కథ బాగుంది మేడమ్. కానీ ఒక బొక్క ఉంది. ఆ అంకెలు ఆవిడే ఎందుకు కల్పించకూడదు? సెలవు రోజులు, అడిగేవాడు లేడు, మొగుడితో గొడవ. మనసు బాగాలేక తోచిన అంకెలు రాసి, కాగితాలు చుట్టి పడేసింది. గురువారం దాకా బతికే ఉంది. ఐదింటికి మొగుడు వచ్చాడు. మీ ద్విపద దీనికేమంటుంది?"

డిటెక్టివ్ తొడుగులు విప్పింది.

"ఏమీ అనదు," అంది. "ఆ అంకెలు లెక్కపెట్టినవి కావని మాత్రమే చెప్తుంది. ఎవరు రాశారో చెప్పదు. పదకొండేళ్లు నిజం రాసిన మనిషి బుధవారం పొద్దున లేచి అబద్ధం మొదలుపెట్టదని నా నమ్మకం. నమ్మకం సాక్ష్యం కాదు."

"అదీ," అన్నాడు ఇన్‌స్పెక్టర్. గెలిచినవాడి గొంతు కాదు అది.

వరండాలో బెంచీ మీద ముసలావిడ పొద్దుటి నుంచి అలాగే కూర్చుని ఉంది. వాచ్‌మన్ ఇచ్చిన నీళ్లు కూడా తాగలేదు. తలుపు తెరిచే ఉండటంతో వాళ్ల చివరి మాటలు ఆవిడ చెవిన పడ్డాయి.

"నా కూతురు దొంగ లెక్క రాసిందా?" అంది.

"అలా అని తేలలేదు అమ్మగారూ," అంది డిటెక్టివ్. పక్కన కూర్చుంది. "మంగళవారం తర్వాత మీ అమ్మాయితో మీరేమైనా మాట్లాడారా?"

"లేదు. సోమవారం ఫోన్లో నేనే నాలుగు మాటలన్నాను. కాపురం చక్కబెట్టుకోవే, వాడు చెడ్డవాడు కాదు అని. అది పెట్టేసింది. బుధవారం పొద్దున మనసు ఆగక రెండుసార్లు చేశాను. ఎత్తలేదు. ఇంకా కోపంగానే ఉంది, స్వయంగా వెళ్లి బతిమాలుకుందామని చీర మార్చుకుంటున్నాను. అప్పుడు మెసేజ్ పెట్టింది, పనిలో ఉన్నాను, రావద్దు, రేపు ఫోన్ చేస్తానని. అమ్మా అని కూడా రాయలేదు. సరే, కోపం తగ్గనీ అని ఆగిపోయాను." ఆవిడ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. "ఆ రోజు వెళ్లుంటే..."

ఇన్‌స్పెక్టర్ గుమ్మంలోనే ఆగిపోయాడు. "మెసేజా? ఆవిడ హ్యాండ్‌బ్యాగ్‌లో దొరికిన ఫోన్ నేనే చూశాను. బుధవారం మెసేజ్ ఏదీ లేదు. మీ కాల్స్ కూడా లేవు."

"నాకు అబద్ధం ఆడాల్సిన ఖర్మేమిటి బాబూ?" అంది ముసలావిడ. చేతిసంచిలోంచి ఫోన్ తీసి ఇచ్చింది.

మెసేజ్ ఉంది. బుధవారం, ఉదయం 10.15.

డిటెక్టివ్, ఇన్‌స్పెక్టర్ ఒకరినొకరు చూసుకున్నారు. ఆ క్షణంలో ఇద్దరికీ వచ్చిన ఆలోచన ఒకటే.

"ఆ ఫోన్ బుధవారం ఏ టవర్ కింద ఉందో మీరు అడిగారా?" అంది ఆమె.

"చేతికి దొరికిన ఫోన్‌కి టవర్ ఎందుకని అడగలేదు," అన్నాడు అతను. తప్పు ఒప్పుకోవడం అలవాటు లేని మనిషి. ఆ ఒక్క వాక్యానికే చెవులు ఎర్రబడ్డాయి. వెంటనే స్టేషన్‌కి ఫోన్ చేసి నంబర్ చెప్పాడు. ఇప్పుడే కావాలి, సోమవారం కాదు అన్నాడు.

నలభై నిమిషాలు పట్టింది. ఇన్‌స్పెక్టర్ వరండాలో అటూ ఇటూ తిరిగాడు. ముసలావిడ కళ్లు మూసుకుంది. డిటెక్టివ్ మిగిలిన పదిహేను కాగితాల్లో మరో రెండు లెక్కపెట్టింది. 59. 62.

ఫోన్ మోగింది. ఇన్‌స్పెక్టర్ విన్నాడు, అరచేతి మీద రాసుకున్నాడు, ఆమెకు చూపించాడు. బుధవారం 10.15కి లెక్కలమ్మ ఫోన్ ఇక్కడికి నూట తొంభై కిలోమీటర్ల దూరంలో, రైల్వే లైను పక్కనున్న టవర్ కింద ఉంది. అది తిరిగి ఈ ఊరి టవర్ కిందికి వచ్చింది శుక్రవారం తెల్లవారుజామున.

"లాకప్‌కి ఫోన్ చేసి ఆవిడ అల్లుణ్ణి వదిలేయమనండి," అంది డిటెక్టివ్.

"చేస్తాను. ముందొక పని ఉంది."

ఇద్దరూ డైరెక్టర్ గదిలోకి వెళ్లారు. అతను ఫైలు మూసి, మర్యాదగా లేచి నిలబడ్డాడు.

"స్టేట్‌మెంట్‌లో ఒక చిన్న ఖాళీ మిగిలిపోయిందండీ," అన్నాడు ఇన్‌స్పెక్టర్, కాగితం, పెన్ను బల్ల మీద పెడుతూ. "బుధవారం పొద్దున పదీ పదిహేనుకి మీరెక్కడున్నారు?"

"రైల్లో," అన్నాడు డైరెక్టర్ తడుముకోకుండా. "టికెట్ మీ దగ్గరే ఉంది కదా సార్."

"ఉంది. కచ్చితంగా మీరే ఉన్నారా ఆ రైల్లో? మధ్యలో ఎక్కడా దిగలేదుగా?"

"దిగలేదు. కావాలంటే టీసీని అడగండి."

"అక్కర్లేదు. మీ చేత్తోనే రాసి, కింద సంతకం పెట్టండి."

డైరెక్టర్ కుర్చీ ముందుకు లాక్కుని, పెన్ను మూత తీసి, రాయడం మొదలుపెట్టాడు.